నాపబండ కింద సముద్రం

ఉగాదికి ఊరికి పోయినప్పుడు, బోరు బండి వెళ్లిపోయిన రాత్రి మా జేజికి ‘ఇంటర్‌స్టెల్లార్’ చూపించా. కావాలని కాదు. నిద్ర పట్టక ఫోన్‌లో చూస్తుంటే పక్క మంచం మీంచి తొంగి చూసింది.

ఆ సీన్ మీకూ గుర్తుండే ఉంటుంది. ఓడ దిగితే కనుచూపు మేరా నీళ్లే. మోకాలి లోతు మించి లేవు. దూరంగా కొండ అనుకున్నది కొండ కాదు, అల!

“అన్ని నీళ్లు పెట్టుకోని ఏంటికి పరిగెత్తుతాండారు?” అంది జేజి.

నవ్వబోయి ఆగిపోయా. ఆ పొద్దునే మా చేన్లో 750 అడుగులు దించాం. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిన చోటే. బూడిదరంగు దుమ్ము లేచింది, లేస్తూనే ఉంది. “ఇంకో యాభై చూద్దాం” అని నాయన అన్నప్పుడల్లా అప్పు పెరిగింది. పక్క చేనాయనకు మాత్రం 300 అడుగులకే నీళ్లు!

మాది కొలిమిగుండ్ల దగ్గర. బెలుం గుహలు మాకు పక్కనే. 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహల్ని తొలిచింది భూమిలో పారిన నీళ్లే. సున్నపురాయి నేలల్లో అంతే. నీళ్లు రాయంతా పరుచుకోవు, దొరికిన సందు పట్టుకుని పోతాయి. ఆ సందు మీద బోరు పడితే పంట, పది గజాలు ఇటు పడితే దుమ్ము. కొబ్బరికాయకు ఈ సంగతి తెలుసని నేననుకోను. నాయనతో మాత్రం అనలేదు.

అసలు విచిత్రం వేరే ఉంది. అలాంటి సముద్రం మా దగ్గరే ఉండేది. వేంపల్లె వైపు రాళ్లలో క్యాబేజీని అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి గుర్తులుంటాయి. స్ట్రొమటోలైట్లు అంటారు. లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు జిగట పొరల్లా పెరుగుతూ కట్టినవి. వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. అప్పటికి చేపల్లేవు, నేల మీద గడ్డిపోచ లేదు. ఇప్పుడు మనం పోయి దిగితే అది పరాయి గ్రహమే. మా ఇళ్లలో పరిచే నాపరాళ్లు వాటికంటే చిన్నవే గానీ, అవీ ఒక సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే.

ఇదంతా జేజికి చెప్పా. తను కూర్చున్న బండను చేత్తో తడిమింది.

“మరి ఆ నీళ్లన్నీ యాడికి పాయరా?”

జవాబు చెప్పడం తెలీక సినిమా మళ్లీ ప్లే చేశా. ఆ గ్రహం మీద ఒక గంట అంటే భూమ్మీద 7 ఏళ్లు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఓడలో ఎదురుచూస్తున్న మనిషికి 23 ఏళ్లు గడిచిపోయి గడ్డం నెరిసిపోయుంటుంది. అది చూసి జేజి ఏమీ అనలేదు. కాసేపటికి, “మళ్లెప్పుడొస్తావు?” అంది. దసరాకన్నా. బెంగళూరు నుంచి ఒక రాత్రి ప్రయాణం కూడా లేదు. అయినా పోయిన దసరాకు కూడా అలాగే అన్నా.

తెల్లారి లేచేసరికి నాయన వాకిట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చీనీ చెట్లు 400. ట్యాంకర్‌తో తోలిస్తే ఎన్నిటిని బతికించుకోవచ్చో, సుద్దముక్కతో నాపబండ మీద లెక్క వేస్తున్నాడు. 400 కొట్టేసి 250 అని రాశాడు. మళ్లీ చెరిపాడు.