తలకొరివియు విమానవేళయు

భూపటమును బల్లపై పరచి చూచువారికి అమెరికా మనకు పడమటనున్నట్లు తోచును. గోళముపై హైదరాబాదునుండి చికాగో వఱకు దారము బిగించి పట్టినచో, అది పడమటికి గాక యించుమించు ఉత్తరమునకే పోయి, ధ్రువప్రాంతమునకు చేరువగా సాగి యావల దిగును. ఆ దారము కొలత సుమారు 13,300 కిలోమీటర్లు. ఇంతకంటె దగ్గరి దారి లేదు. 2021 జనవరిలో ఎయిరిండియావారు శంషాబాదునుండి చికాగోకు నేరుగా విమానము నడుప నారంభించినప్పుడు సైతము ప్రయాణమునకు 16 గంటలకు పైబడి పట్టెను. నడుమ దోహాలోనో దుబాయిలోనో విమానము మారువారికి 20 గంటలు దాటును.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో నేనెఱిగిన పెక్కు గృహములకు ఈ లెక్క కంఠస్థము. చికాగో గడియారము మనకంటె శీతకాలమున పదునొకండున్నర గంటలు, వేసవిని పదిన్నర గంటలు వెనుకబడి యుండునని మా వీధిలోని అవ్వలు సైతము వ్రేళ్లపై చెప్పుదురు. పిల్లలు దూరదేశమునకు పోవుటను నేను తప్పుపట్టను. కాని ఆ దూరము మన యాచారమొకదానిని పరీక్షించుచున్నది. అది తలకొరివి.

ఒక శీతకాలమున కోదాడలో నా మిత్రుడొకడు రాత్రి ఎనిమిది గంటలకు కన్నుమూసెను. కుమారుడు చికాగోలో, కుమార్తె మిర్యాలగూడలో నుండిరి. ఆమె హుజూర్‌నగరు మీదుగా రెండు గంటలలో వచ్చి తండ్రి పాదములకడ కూర్చుండెను. అన్నకప్పుడు ఉదయము ఎనిమిదిన్నర. అతనికి ఆ రాత్రి తొమ్మిది గంటల విమానమున చోటు దొరకెను. మనకది మఱునాటి ఉదయము ఎనిమిదిన్నర. దోహా మీదుగా అతడు శంషాబాదు చేరునప్పటికి మూడవనాటి సూర్యోదయమాయెను. అచ్చటినుండి కోదాడకు మఱి 180 కిలోమీటర్ల రోడ్డు. అంతదనుక, రెండు రాత్రులు, శవము ఫ్రీజరు పెట్టెలో నుండెను.

మఱునాటి ప్రొద్దున ఆ బిడ్డ, "నేనే పెడ్త పెదనాయినా" అని యడిగెను. "కొడుకుండంగ బిడ్డ పెట్టుడేంది?" అని పెద్దలు నోరు మూయించిరి. మందులపై నిలిచియున్న తల్లి ఆ రెండు రాత్రులును పెట్టె ప్రక్కనే, అన్నము ముట్టక కూర్చుండెను.

తండ్రి ముఖము కడసారి చూడవలెనని కొడుకు కోరుట సహజము. అందులకై ఇల్లంతయు కాచుకొనుట ప్రేమ. కాని యానాడు కాచుకొన్నది చూపునకు గాదు, అధికారమునకు. అతడు రాలేనని చెప్పియున్నచో పెద్దలు జ్ఞాతుల పిల్లవాని నొకని పిలిచెడివారేగాని, తండ్రిని ఏండ్లతరబడి ఆస్పత్రికి త్రిప్పిన కూతుని పిలిచెడివారు కారు. 1986నాటి ఆంధ్రప్రదేశ్ శాసనమును, 2005నాటి కేంద్ర శాసనమును ఉమ్మడి ఆస్తిలో కూతునకు కొడుకుతో సమముగా భాగమిచ్చినవి. పొలము పంచుకొన దగిన చేయి నిప్పు పట్టుటకు తగదా?

విమానముల వేగము ఇంకను పెరుగునేమో. 13,300 కిలోమీటర్లు మాత్రము తగ్గవు. కావున పిల్లలను దూరమునకు పంపిన తలిదండ్రులు, నోట మాట యుండగనే, ఇంటిల్లిపాది యెదుట ఒక మాట చెప్పి యుంచుట మేలు: దగ్గరనున్న బిడ్డయే కొరివి పెట్టవలెను, ఆ బిడ్డ కూతురైన కూతురే పెట్టవలెను. చావునాడు ఆ మాటను ఏడ్చుచున్న పిల్లచేత అడిగింపరాదు.

నేను నా కుమార్తెతో ఈ మాట చెప్పితిని. అమెరికాలోని కుమారునితో ఫోనున చెప్పగా అతడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అక్కనే పెట్టనీ నాయినా. నేనొచ్చి వాడపల్లిల, కృష్ణల అస్థులు కలుపుత" అనెను.