ఖాకీ జట్టు... పంతులుగారి ఆట!

వరసగా అయిదేళ్లు! 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్ ఎప్పుడు జరిగినా గెలిచింది ఒక్కటే జట్టు... హైదరాబాద్ సిటీ పోలీస్. ఫుట్‌బాల్ అంటే కలకత్తా క్లబ్బులదే అనుకునే రోజులవి. అలాంటిది 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించేశారు మన పోలీసులు. 1954, 1957ల్లోనూ ఆ కప్పు వాళ్లదే. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మరోసారి గెలిచారు.

ఇంతకీ వాళ్లేమీ లక్షలు పోసి తెచ్చుకున్న ఆటగాళ్లు కాదు. పోలీసు ఉద్యోగం, నెల జీతం... వాళ్లకి దక్కింది అదే. ఆ జట్టు వెనకున్న మనిషి కూడా ఓ బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. పాతబస్తీకి, ఆ మాటకొస్తే హైదరాబాద్ మొత్తానికి రహీం సాబ్. దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పిన ఆయన మైదానంలోనూ పంతులుగానే ఉండేవారు.

ఆయన పెట్టిన పోటీలే వింతగా ఉండేవి. ఒకదాంట్లో వాటం లేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తంటాలు పడాల్సిందే. ఇంకోదాంట్లో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పరుగెత్తకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఒక్కడి గొప్ప కాదు, పదకొండు మంది కలిస్తేనే ఆట అన్నది అందులోని పాఠం.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం. రోజూ సాధనకు రావడానికి దారిఖర్చులు లేవన్నాడు. అద్దె సైకిలు కోసం రోజుకో రూపాయి చేతిలో పెట్టారట రహీం. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఆడాడు!

రహీం శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది. జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో నెగ్గిన తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది.

ఆ తరవాత పోలీసు జట్టు వెలుగు మెల్లగా తగ్గింది. కలకత్తా క్లబ్బులు అంతకుముందే మంచి ఆటగాళ్లని పిలుచుకుపోవడం మొదలుపెట్టాయి. 1957లోనే బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. పోలీసు జీతంతో ఎందరిని ఆపగలరు?

2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. రహీం కథతో 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక, అరె, ఈయన మన ఊరాయనా అని ఆశ్చర్యపోయిన హైదరాబాదీలూ ఉన్నారు.

పాతబస్తీలో ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరు బార్కస్. అక్కడి పిల్లలకు ఇప్పటికీ బంతి అంటే ప్రాణమే. ఆట ఉంది, ఆడేవాళ్లూ ఉన్నారు. రోజుకో రూపాయి ఇచ్చి, రేపు కూడా రా అని చెప్పే పంతులే కావాలి.