నాచారం నుంచి ఉప్పల్‌కి... మూడు పిల్లులతో!

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా! అలాంటి జాతికి ఒక్క ఇల్లు మారడం ఒక లెక్కా అనుకున్నాను నేను. నిరుడు వైశాఖంలో మేము నాచారం వదిలి ఉప్పల్ వచ్చినప్పుడు తెలిసొచ్చింది. తల్లి నోట కరుచుకుని తిప్పడం వేరు, మనం బుట్టలో పెట్టి మోసుకెళ్లడం వేరు.

నాచారంలో పద్దెనిమిదేళ్లు అద్దెకున్నాం. అటు పెద్దచెరువు, ఇటు పారిశ్రామికవాడ, ఎన్.టి.ఆర్. గారి రామకృష్ణా స్టూడియో పేరు చెప్పి దారి చెప్పుకునే వీధులు. షిఫ్టు వదిలే వేళ రోడ్డంతా బళ్లూ, టిఫిన్ డబ్బాల చప్పుడూ. మాది కింది వాటా. వెనకాల పెరడు, జామచెట్టు, బట్టలుతికే బండ, ఓ పొట్టి పిట్టగోడ. ఆ పెరడే మా పిల్లుల రాజ్యం. తల్లి సీతాలు చారల పిల్లి. దాని పిల్లలు రెండు, నల్లది కాటుక, అల్లం రంగుది పండు. మూడింటికీ ఆపరేషన్లు చేయించేశాం. మధ్యాహ్నం అయితే ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని బండ మీద పడుకునేవి.

ఉప్పల్‌లో మూడో అంతస్తులో ఫ్లాట్ కొన్నామనగానే మా అత్తగారు తేల్చేశారు. "కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. వాటినిక్కడే వదిలేయ్ అమ్మాయ్, ఆ వచ్చేవాళ్లే ఇంత అన్నం పడేస్తారు."

ఆవిడ అన్నది పూర్తిగా తప్పేం కాదు. పిల్లికి ఇల్లంటే గోడలు కాదు, వాసన. బుగ్గల దగ్గర ఉండే గ్రంథుల వాసనని గుమ్మానికీ, కుర్చీకీ, మన కాళ్లకీ రుద్ది 'ఇది నాది' అని రాసుకుంటుంది. ఆ రాత లేని చోట పెడితే బెదిరిపోతుంది. అలాగని ఆరేళ్లు పెంచి వదిలేసి పోవడానికి నాకు మనసొప్పలేదు. డాక్టరు గారినడిగితే, "ఇంటిని తీసుకెళ్లలేరు గానీ వాసనని తీసుకెళ్లొచ్చు కదమ్మా" అన్నారు.

వారం ముందు నుంచే మూడు బుట్టలు తెరిచి వసారాలో పెట్టాను. వాటిలోనే పాత చీర ముక్కలు పరిచి, అక్కడే అన్నం పెట్టాను. బుట్టంటే భయం పోయింది. అవి పడుకునే బొంతని ఉతకలేదు. మా పెద్దమ్మాయి ముక్కు మూసుకున్నా సరే! మెత్తటి గుడ్డతో వాటి బుగ్గలు తుడిచి, ఆ గుడ్డని కొత్తింట్లో ఓ గది మూలలకీ తలుపు అంచులకీ అడుగు ఎత్తున రుద్ది వచ్చాను.

గృహప్రవేశం రోజు పిల్లుల్ని తీసుకెళ్లలేదు. హోమం పొగ, చుట్టాలు, బార్లా తెరిచిన తలుపులు... అత్తగారినే వాటికి కాపలా పెట్టాను. డీసీఎంలో సామాను వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున, ఎండ రాకముందే, ఆటో మాట్లాడుకున్నాం. వాంతి చేసుకోకుండా నాలుగు గంటల ముందు నుంచీ ఏమీ పెట్టలేదు. ఒక్కో బుట్టలో ఒక్కటే, పైన పల్చటి దుప్పటి.

ఐదారు కిలోమీటర్ల దారి. నాచారం రోడ్డు మీదుగా హబ్సిగూడ చౌరస్తాకి వచ్చి ఎడమకి తిరిగితే చాలు, నెత్తిన మెట్రో దారి మొదలు. ఎన్‌జీఆర్‌ఐ ప్రహరీ లోపలి చెట్లు దాటేదాకా పండు ఒక్కడే ఏడ్చాడు. సర్వే ఆఫ్ ఇండియా దగ్గరికొచ్చేసరికి పైన మొదటి రైలు పోయింది. అంతే, మూడూ ఒక్కసారి నోరు మూసేశాయి. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు పిల్లలతో సరదాగా ఎక్కిన దాన్ని, ఆ రోజు ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర 2023లో కట్టిన స్కైవాక్ కింద నుంచి తిరిగి, మా సందులోకి వచ్చేసరికి నా చీర కొంగంతా చెమట.

కొత్తింట్లో వాటికి ఒక్క గదే ఇచ్చాను. ఉతకని బొంత, పాత చాప, దూరదూరంగా మూడు గిన్నెలు, ఇసుక తొట్లు నాలుగు. పిల్లికొకటి, పైన ఇంకొకటి అన్నది లెక్క. సీతాలు మంచం కిందకి, కాటుక బీరువా వెనక్కి దూరాయి. లాగొద్దు, వాటంతట అవే వస్తాయని డాక్టరు గారన్నారు. నేను రోజూ ఆ గదిలో కింద కూర్చుని బియ్యం ఏరుకునేదాన్ని. మూడోనాడు సీతాలు వచ్చి చేట అంచుకి బుగ్గ రుద్దింది. ఎంత పొంగిపోయానో!

ఆ పొంగు ఎన్నాళ్లో నిలవలేదు. పండు తొట్లో కూర్చుని ముక్కుతున్నాడు, చుక్క రావడం లేదు. మగపిల్లులకి బెదురుతో మూత్రం బిగుసుకుపోవచ్చట. ఒక్కరోజు ఆలస్యమైనా ప్రాణానికే ముప్పు. పరుగున తీసుకెళ్లి గండం గట్టెక్కించాం. తీరా ఇంటికొస్తే కన్నతల్లే వాణ్ని చూసి బుసకొట్టి మీద పడింది! వాడి ఒంటి నిండా ఆసుపత్రి వాసన. ఇంటి వాసనా లేదు, కొడుకు వాసనా లేదు, ఇంకెలా గుర్తుపడుతుంది? ఇద్దరినీ విడదీశాను. పడక గుడ్డలు అటువి ఇటు, ఇటువి అటు మార్చాను. మూసిన తలుపుకి చెరోపక్కా అన్నం పెట్టాను. వారానికి తలుపు జానెడు తెరిస్తే, ముక్కూ ముక్కూ కలుపుకున్నారు.

ఆ హడావిడిలో ఉండగానే పన్నెండోనాడు, ఫ్యాన్లు బిగించడానికొచ్చినతను వీధి తలుపు వేయడం మరిచాడు. కాటుక వెళ్లిపోయింది.

"నే చెప్పలేదూ? నాచారం పోయుంటుంది" అన్నారు అత్తగారు. మా వారూ నేనూ రెండు రాత్రులు బండి మీద నాచారం తిరిగాం. పాతింటి గేటు ముందు నిలబడి "కాటుకా!" అని పిలుస్తుంటే, కొత్తగా దిగినవాళ్లు లైటు వేసి చూశారు. పెరట్లో జామచెట్టు అలాగే ఉంది. బండ మీద ఎవరివో బకెట్లు. పిల్లి కోసం వెళ్లినదాన్ని ఆ బండని చూసి ఏడ్చాను. పాతిల్లు మరవలేనిది పిల్లులొక్కటే కాదని అప్పుడర్థమైంది.

మూడోనాడు డాక్టరు గారికి ఫోన్ చేస్తే, "అంత దూరం పోదమ్మా. బెదిరిన ఇంటి పిల్లి దగ్గర్లోనే నక్కుతుంది, పిలిచినా పలకదు. మీ బిల్డింగులోనే వెతకండి" అన్నారు. ఆ మాట మా వాచ్‌మన్ భార్యకి చెప్పి పెట్టాను. రాత్రి ఒంటిగంటకి తలుపు కొట్టింది. "అమ్మా, నల్లపిల్లి సంపు మోటారు ఎనక కూసున్నది. పిలిస్తే రాదు."

వేయించిన నెత్తళ్లు గిన్నెలో పోసుకుని, ఆ ఉతకని బొంత చుట్టుకుని, సంపు పక్కన నేల మీద కూర్చున్నాను. పిలవలేదు. అరగంటకి ఓ నల్లటి తల నా మోకాలికి తగిలింది.

ఇప్పుడు ఏడాది దాటింది. బాల్కనీకి వల కట్టించాం. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రాత్రి కేకలకి మూడూ పాత గదిలోకి పోతాయి, కిటికీలు మూసి ఫ్యాన్ పెడతాను. మిగతా రోజుల్లో సాయంత్రం కిటికీలో వరసగా కూర్చుని మెట్రో రైళ్లు చూస్తాయి. వాటి వెనకాల కుర్చీలో మా అత్తగారు!

ఇల్లు మారబోయే సోదరీమణులకి నాలుగు మాటలు:

* అన్నిటికంటే ముందు పిల్లుల గది సర్దండి. వంటిల్లు తర్వాతైనా ఫరవాలేదు.

* ఆ గదిని ఘాటైన ఫినాయిల్‌తో కడగొద్దు. సామాన్లలో కలరా ఉండలు వేయొద్దు. రెండూ పిల్లికి విషమే. మన జ్వరం బిళ్ల పారాసిటమాల్ అసలే ఇవ్వకూడదు.

* రెండు రోజులు తిండి ముట్టకపోతే కాలేయం దెబ్బతినొచ్చు. ఆలస్యం చేయకుండా చూపించండి.

* తప్పిపోతే ముందు మీ మెట్ల కింద, సంపు దగ్గర, మేడ మీద వెతకండి. అర్ధరాత్రి, సందడి అణిగాక.

* బొంత మాత్రం ఉతక్కండి! మేము ఆర్నెల్లకి ఉతికాం.