పెదాలు కలిస్తే చాలట!

బీఏ తెలుగు చదివానని చెబితే "ఓహో" అని ఊరుకునేవాళ్ళనే 20 ఏళ్ళుగా చూస్తున్నాను. ఆ చదువుకు మొదటిసారి డబ్బులిచ్చింది మాత్రం సినిమావాళ్ళు. మొన్న వేసవిలో రెండు రోజులు షూటింగ్‌లో పనిచేశాను. నటించడానికి కాదు లెండి, ప్రాంప్టింగ్ చెప్పడానికి.

మా తమ్ముడి స్నేహితుడు ఒక సినిమాకు కో-డైరెక్టరు. హీరోయిన్‌ది లక్నో. ఆ అమ్మాయికి డైలాగులు అందించే కుర్రాడికి జ్వరం వచ్చిందట. "అక్కా, నువ్వు తెలుగు చదివావుగా, రెండు రోజులు వచ్చి సాయం చెయ్" అన్నాడు. మా అత్తయ్యగారు "సినిమావాళ్ళ దగ్గరికా?" అన్నారు. మావారు "వంట సంగతి నేను చూసుకుంటాలే" అన్నారు. ఆ మాట పట్టుకుని బయల్దేరాను.

మణికొండలో ఒక అద్దె ఇంట్లో షూటింగ్. ఉదయం 7 గంటలకల్లా రమ్మన్నారు. మొదటి షాటు తీసింది పదిన్నరకి. సినిమా అంటే అంతా పరుగులనుకున్నాను. ఎక్కువ భాగం ఎదురుచూడటమే! లైట్లు మారుస్తారు, కర్టెన్ సర్దుతారు, మళ్ళీ లైట్లు మారుస్తారు.

కెమెరా పక్కన నిలబడి డైలాగు ముక్కలు ముక్కలుగా అందించడం నా పని. నా గొంతు రికార్డయినా ఫర్వాలేదట. అక్కడ పట్టేది పైలట్ ట్రాకే, తర్వాత డబ్బింగ్ ఆర్టిస్టు అంతా మళ్ళీ చెబుతుంది. సింక్ సౌండ్ సినిమా అయితే ఇలా పక్కనుంచి అందించడం కుదరదు.

మొదటి డైలాగులోనే చిక్కొచ్చింది. "నీ కళ్ళు చూస్తే భయమేస్తోంది" అనాలి. ఆ అమ్మాయి "నీ కల్లు" అంది. లైట్‌మెన్‌లు నవ్వాపుకోలేకపోయారు. నేను దిద్దబోతే కో-డైరెక్టరు "అక్కా, ళ వదిలెయ్. పెదాలు కలిస్తే చాలు" అన్నాడు.

అతను చెప్పిందీ నిజమే. ప, బ, భ, మ, అంటే మేం క్లాసులో ఓష్ఠ్యాలని బట్టీపట్టిన అక్షరాల దగ్గర పెదాలు మూతపడాలి. అక్కడ తప్పితే డబ్బింగ్ అతకదు. "భయమే"లో భ, మ కుదిరితే కెమెరాకు చాలు. ళ నోటి లోపల పలికేది, అది ల అయినా తెరమీద తేడా కనబడదు.

ఈ "చాలు" మా ఇంట్లో రోజూ వినేదే. ఇంటర్ చదివే మా అమ్మాయి "నీల్లు, పెల్లి" అంటుంది. దిద్దితే "అర్థమైందిగా అమ్మా, చాలదా?" అంటుంది. ఎందుకు చాలదో తనకు నచ్చేలా చెప్పే జవాబు నాకూ దొరకలేదు.

భోజనాల విరామంలో హీరోయిన్ నా పక్కకు కుర్చీ లాక్కుంది. "ఆంటీ, అందరూ ఎందుకు నవ్వారు?" అని హిందీలో అడిగింది. కల్లంటే తాటిచెట్టు నుంచి దించేదని చెప్పాను. పడీపడీ నవ్వి, "అయితే ఆ అక్షరం నేర్పండి" అంది. డబ్బింగ్ ఉందిగా అన్నాను. "మాట అనేది నేనే కదా ఆంటీ? కళ్ళ గురించి చెబుతూ కల్లు అంటుంటే నాకు భయం ఎలా వస్తుంది?" అంది.

హిందీలో ట, డ పలికే చోటే నాలుక మడిచి ఆనించి ల అనమన్నాను. పదిహేనోసారికి పలికింది. కళ్ళు, నీళ్ళు, వేళ్ళు, ముళ్ళు అని వల్లించుకుంటూ గేటు దాకా తిరిగింది. సాయంత్రం అదే సీను ఇంకో వైపు నుంచి తీసినప్పుడు "కళ్ళు" అంది. ఎవరూ గమనించలేదు. షాటవగానే ఆ అమ్మాయి మాత్రం నా వైపు చూసింది.

పెదాలు కలిస్తే చూసేవాళ్ళకు చాలు. చెప్పేవాళ్ళకు చాలదు. నాకు దొరకని జవాబు లక్నో పిల్ల చెప్పింది.

రెండో రోజు ప్యాకప్ అయ్యాక ప్రొడక్షన్ మేనేజరు 4,000 రూపాయలిచ్చి వోచరు మీద సంతకం పెట్టించుకున్నాడు. అందులో నా పేరు పక్కన "ప్రాంప్టింగ్" అని రాసుంది. ఇంట్లో ఇన్నేళ్ళుగా చేస్తున్నదానికి ఒక పేరుండటం, అదీ కాగితం మీద, ఇదే మొదలు.

ఆ రాత్రి ఇంట్లో అంతా చెప్పాను. అత్తయ్యగారు "ఆ పిల్ల అన్నం తింటుందా, రొట్టెలా?" అని ఆరా తీశారు. మా అమ్మాయి కల్లు దగ్గర నవ్వింది, భయం మాట దగ్గర నవ్వలేదు. మర్నాడు ఫ్రిజ్ తలుపు తీసి "అమ్మా, నీ...ళ్ళు!" అని సాగదీసింది. నన్ను ఏడిపించడానికే అందిలెండి. అయితేనేం, సరిగ్గా పలికింది.