పప్పు ఉడకని నీళ్లు

మా బోరు నీళ్లకు కందిపప్పు ఉడకదు. పెళ్లై మెదక్ వచ్చినప్పటి నుంచి ఎన్ని విజిల్స్ పెట్టినా పలుకు పలుకే. "పప్పు వండుడు రాదు" అన్న మాట ఇరవై ఏళ్లుగా పడుతున్నాను.

మొన్న డిగ్రీ చదివే మా అమ్మాయి కెమిస్ట్రీ ప్రాక్టికల్‌కి ఆ నీళ్లే సీసాలో తీసుకెళ్లింది. 50 మిల్లీలీటర్ల నీళ్లు, కాస్త బఫర్, రెండు చుక్కల ఇండికేటర్. పైన బ్యూరెట్ నుంచి ఈడీటీఏ చుక్కచుక్కగా వదలాలి. ఎరుపు పూర్తిగా పోయి నీలం రాగానే ఆపాలట. మొదటిసారి 23.4 వచ్చింది, తర్వాత రెండుసార్లూ 24.2.

సాయంత్రం రికార్డు చూసి, "మొదటిది కూడా 24.2 అని రాస్తే అందంగా ఉంటది కదా" అన్నాను.

"ఎట్ల రాస్తనమ్మా? తొందరపడి ముందే ఆపిన. ఆ తప్పు కనబడితేనే మిగతా రెండూ నమ్ముతరు."

లెక్క కట్టింది. కాఠిన్యం లీటరుకు 484 మిల్లీగ్రాములు. తాగేనీటిలో 200 దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఆ కాల్షియం, మెగ్నీషియమే పప్పును మెత్తబడనివ్వవట.

అత్తమ్మ అంతా విన్నది, ఏమీ అనలేదు. తెల్లారి నల్లా రాగానే ఒక బిందె నింపి పక్కన పెట్టి, "ఇది పప్పుకు" అన్నది.