నాలుగు చేతుల కాపురం

ఇంద్రావతి గోదావరిలో కలిసే భద్రకాళి సంగమం మొదలుకొని తూర్పుగా దండకారణ్యంలోకి విస్తరించిన సీమ బీజాపూర్. ఒకనాడు బస్తర్ సంస్థానంలో భాగమైన ఈ ప్రాంతం 2007లో దంతెవాడ నుండి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. పాలన సాగేది హిందీలో. అయినా భోపాలపట్నం, మద్దేడు, ఆవపల్లి, తార్లగూడెం అన్న ఊళ్ల పేర్లు, చింతవాగు, తాలిపేరు అన్న ఏళ్ల పేర్లు విన్న తెలుగువారికి పరాయి చోటికి వచ్చామన్న భావం కలగదు. ఇక్కడి దోర్లలు కోయల శాఖకు చెందినవారు. వారు మాట్లాడే దోర్లి గోండి భాషకు చెందినదే అయినా, అందులో తెలుగు మాటలు దండిగా కలిసిపోయాయి. సంతలో బేరం తెలుగులో, బడిలో పాఠం హిందీలో, పొయ్యి దగ్గర ముచ్చట దోర్లిలో సాగే జీవితం వారిది.

అటువంటి ఒక గూడెంలో 2023 వేసవిలో ఒక జంట కాపురం పెట్టింది. అతనికి ఇరవై మూడేళ్లు, ఆమెకు ఇరవై. ఆచారం ప్రకారం వరుని వైపువారు ఓలి చెల్లించారు. ఓలి అన్నది పిల్ల వెల కాదనీ, పుట్టింట పనిచేసే రెండు చేతులు తగ్గిపోతున్నందుకు అత్తింటివారు తీర్చుకునే రుణమనీ పెళ్లిపందిట్లో పెద్దలు చెప్పారు. ఆ మాటలోని లెక్క ఎంత నిజమో వారికి ఏడాది గడిచేసరికి అర్థమయింది. అడవి పంచాంగంలో ఒంటి చేత్తో జరిగే పని దాదాపు లేదు.

వారి ఏడాది ఉగాదితో కాక విత్తనంతో మొదలవుతుంది. తొలకరికి ముందు విజ్జ పండుం జరుగుతుంది. ప్రతి ఇంటి నుండి పిడికెడు విత్తులు తెచ్చి గ్రామదేవత ముందు కలుపుతారు. పూజ ముగిశాక పూజారి పంచిన గింజలను ఇంటి విత్తనంలో కలుపుకొని దుక్కికి వెళతారు. నాగలి పట్టేది పురుషుడే. స్త్రీ నాగలి తాకరాదన్నది ఆచారం. కాని దున్నిన వెనుక జరిగే పనిలో ఎక్కువ భాగం ఆమెది. వెదజల్లిన వరిలో కలుపు తీయడం, గట్టు మీద కంది, పెరట్లో జొన్న, సొర, బీర పెట్టడం ఆమె బాధ్యతలు. మధ్యాహ్నం ఇద్దరూ గట్టున కూర్చుండి సొరబుర్రలో తెచ్చుకున్న జావ ఆకు దొప్పలలో పోసుకొని తాగుతారు. బుర్రలోని జావ ఎండవేళ కూడా చల్లగా ఉంటుంది.

శ్రావణ భాద్రపదాల్లో వాగులు పొంగి గూడెం ద్వీపమవుతుంది. ఇంట్లో ధాన్యం అడుగంటేది కూడా ఆ రోజుల్లోనే. అప్పుడు ఆదుకునేవి వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, వాగు చేపలు. అతడు వెదురు చీల్చి బుట్టలవంటి మావులు అల్లుతాడు. ఆమె చిన్న కాలువకు అడ్డంగా మట్టి కట్టి నీరు ఒకే దారిన పోయేటట్లు చేస్తుంది. తెల్లవారి చూస్తే మావులో చేపలు పడి ఉంటాయి. ఈ నెలలకు మరొక పేరు జ్వరాల కాలం. 2020లో మలేరియారహిత బస్తర్ ఉద్యమం మొదలైనప్పటి నుండి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, జ్వరం లేనివారి రక్తాన్ని కూడా పరీక్షిస్తున్నారు. మొదటి వానకాలంలో దోమతెరను మడిచి అటక మీద పెట్టిన ఆ ఇల్లాలు, రెండవ వానకాలం నాటికి గర్భవతి అయింది. ఇప్పుడు ఆ తెర కిందనే పడక.

కొత్త బియ్యం దేవతకు, పితరులకు పెట్టనిదే ఇంట ఎవరూ నోట పెట్టరు. కొత్తల పండుగ ముగిసిన వెనుక కోతల కాలం వస్తుంది. అడవి పందులు చేలో పడకుండా అతడు మంచె మీద రాత్రులు గడుపుతాడు. ఆమె కుంపటిలో నిప్పులు వేసి పంపుతుంది. నూర్పిళ్లయ్యాక గూడేనికి తీరిక దొరుకుతుంది. నెగడు చుట్టూ రేల పాటలు సాగుతాయి. స్త్రీలు నడుముల మీద చేతులు పెనవేసుకొని వరుసగా కదులుతుంటే మగవారు డోళ్లు వాయిస్తారు. సాయంత్రం తాడి దించిన కల్లును చెట్టు కిందనే దొప్పలలో పంచుకుంటారు. చెట్టెక్కేది అతడైనా, తొలి దొప్ప ఎవరికి అందాలో నిర్ణయించేది తల్లి. వేరు వినోదం కోరని ఆ సాయంత్రాలలోనే వారిరువురూ ఒకరినొకరు తెలుసుకున్నారు.

అయితే వడ్లు కడుపు నింపుతాయి గాని చేతికి రూపాయి ఇవ్వవు. ఉప్పు, నూనె, బట్టలు, సైకిల్ మరమ్మతు, మందుల ఖర్చు అన్నీ రూపాయలు అడుగుతాయి. అందుకే పుష్యమాసం వచ్చేసరికి బీజాపూర్ గూడేల నుండి యువ జంటలు గోదావరి దాటి తెలంగాణకు మిరపకాయ కోతకు వెళతాయి. ములుగు, భద్రాద్రి, ఖమ్మం జిల్లాల తోటలు వారికి పరిచితాలు. కూలి కొన్నిచోట్ల రూపాయలలో ఉంటే, మరికొన్నిచోట్ల మిరపకాయలలోనే ముడుతుంది. చేను గట్టున వేసుకున్న గుడిసెలో రాత్రి నిద్ర, పగలంతా వంగిన నడుము, ఘాటుకు మండే వేళ్లు. 2020 లాక్‌డౌన్‌లో తోటల నుండి అడవి దారిన నడిచి వస్తూ బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ల బాలిక ఇల్లు చేరకుండానే మరణించింది. ఆ ఏడాది నుండి మిరప కోతకు బయలుదేరేవారిని సాగనంపేటప్పుడు గూడెంలో ముసలివారు కొంత దూరం వెంట నడుస్తున్నారు.

తొలి శీతకాలం ఈ జంట కలిసే వెళ్లింది. అది 2024, మేడారం జాతర వచ్చిన సంవత్సరం. మాఘ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మల గద్దెలను దర్శించి, బెల్లం సమర్పించి తిరిగి తోటకు చేరారు. ఆమెకు ఆ ప్రయాణంలో మరో ఆనందం ఉంది. ఆమె పుట్టినిల్లు గోదావరికి ఆవలి ఒడ్డునే ఉంది. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఎన్నో గూడేలు ఖాళీ అయ్యాయి. కొందరు రహదారుల పక్క శిబిరాలకు, కొందరు ఆవలి అడవులకు చేరారు. రెండేళ్ల ఆ పిల్లను భుజాన వేసుకొని ఆమె తల్లిదండ్రులు నది దాటారు. 2011లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన తరువాత కూడా వారు వెనుకకు రాలేదు. అక్కడ అడవి కొట్టి చేసుకున్న చేను ఉంది గాని దానికి పత్రం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమినే గుర్తిస్తుంది.

రెండవ శీతకాలంలో ప్రశ్న ఎదురయింది. చంటిబిడ్డకు మూడు నెలలు. కోతకు ఎవరు వెళ్లాలి? అన్నదమ్ములు ఆవలి నుండి కబురు పంపారు. బిడ్డతో సహా ఇద్దరూ వచ్చేయమనీ, ఏడాది పొడుగునా కూలి దొరుకుతుందనీ వారి మాట. అతని మనసు కూడా కొంత అటే మొగ్గింది. ఆమె మొదట ఏమీ అనలేదు. పుట్టింటి పిలుపును కాదనడం ఏ కోడలికీ తేలిక కాదు. ఒకనాడు అత్త రేకుపెట్టె తెరిచి భూమి హక్కు పత్రం ఎండకు పెట్టింది. దానిలో మామ పేరు పక్కన అత్త పేరు కూడా ఉంది. వివాహితులకు ఇచ్చే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని ఆ చట్టమే నిర్దేశించింది. చదువు రాని అత్త తన పేరున్న చోటు వేలితో చూపింది. ఆ రాత్రి ఆమె భర్తతో తన నిర్ణయం చెప్పింది. తాను ఇక్కడే ఉంటుంది. అతడు వెళ్లి, ఇప్ప పువ్వు రాలే నాటికి తిరిగి రావాలి.

ఆ గడువులో అర్థముంది. ఫాల్గుణ చైత్రాలలో తెల్లవారుజామున ఇప్ప పువ్వు రాలుతుంది. దాని తీపికి ఎలుగుబంట్లు కూడా చెట్టు కిందికి వస్తాయి. కనుక ఆ వేళ ఒంటరిగా ఎవరూ పోరు. ఒకరు ఏరుతుంటే ఒకరు చుట్టూ కనిపెట్టి ఉంటారు. అతడు కోత పూర్తి కాకముందే రెండు వారాల కూలి వదులుకొని, కూలి కింద వచ్చిన మిరపకాయల బస్తాతో తిరిగి వచ్చాడు. తోటివారు కొందరు నవ్వారు. ఆ ఏడు చేతికి వచ్చిన రూపాయలు తగ్గిన మాట నిజమే. సైకిల్ మరమ్మతు మరుసటి ఏటికి వాయిదా పడింది.

వైశాఖంలో తునికాకు పని వచ్చింది. చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను అందులో వేశారు. ఉదయం ఇద్దరూ ఆకు కోస్తారు, మధ్యాహ్నం నీడన కట్టలు కడతారు. కట్టకు యాభై ఆకులు; వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో బస్తా ధర 4,000 నుండి 5,500 రూపాయలకు పెంచింది. అంటే కట్టకు ఐదున్నర రూపాయలు. నూరు కట్టలు కల్లానికి చేర్చిన నాడు ఇంటికి 550 రూపాయల లెక్క. ఆమె కట్టలు గట్టివి, ఆకులు సమానమైనవి. కల్లంలో ఏరి పక్కన పెట్టేవి తక్కువ. అతడు కోసే వేగానికి ఆమె కట్టే నేర్పు తోడయింది. ఆ రెండు మూడు వారాల్లో మిరప తోటలో వదులుకున్నదానిలో కొంత పూడింది, అంతా పూడలేదు.

ఈ లోటు వారికి తెలియనిది కాదు. వచ్చే శీతకాలం మళ్లీ అదే ప్రశ్న వస్తుందనీ తెలుసు. నేల తమదే అయినా అది ఇచ్చే నగదు చాలదు. నగదు ఇచ్చే చోట నేల తమది కాదు. ఈ రెంటి నడుమ ఎందరో యువ దంపతులు ఏటేటా నది దాటుతూనే ఉన్నారు. ఇప్ప, తునికి, చింత, సారపప్పు వంటి అటవీ ఫలాలకు ఊళ్లోనే తగిన ధర దక్కితే ఆ దాటే కాళ్లలో కొన్నయినా ఆగుతాయి.

మరల విజ్జ పండుం వచ్చింది. ఆ ఇల్లాలు మగడు తెచ్చిన బస్తాలో నుండి బాగా పండిన మిరపకాయలు కొన్ని ముందే ఏరి పెట్టుకుంది. వాటిని చీల్చి, గింజలు రాల్చి, వరి విత్తులతోపాటు పిడికెడు దేవత ముందు పెట్టింది. తోట మిరప సంకర జాతిది, పెరట్లో అదే కాపు రాదని అతడు అన్నాడు. ఎంత కాస్తే అంతే అన్నది ఆమె. తొలి వాన పడిన మరునాడు అతడు పెరడు తవ్వి మడి కట్టాడు. ఆమె బిడ్డను వీపున కట్టుకొని ఆ గింజలు చల్లింది.