భారము లేని పరీక్ష

మనుష్యుడు తనకు ప్రియమైన వస్తువునందు దోషము గలదని యొప్పుకొనుటకంటె, తన యింటివారియందు దోషము గలదని పలుకుటకే యెక్కువ త్వరపడును. ఈ మాట నేను గ్రంథములు చూచి వ్రాయుట లేదు. నా యింట జరిగిన యొక సంగతివలన నేర్చుకొని వ్రాయుచున్నాను. ఆ సంగతి యొక పాత మోటారుకారునకు సంబంధించినది. మోటారుకారునకును గృహధర్మమునకును పొత్తేమని చదువరులు నవ్వవచ్చును. కడవఱకు చదివిన పిమ్మటగూడ నవ్వు వచ్చినచో నాకేమియు నాక్షేపణ లేదు.

మేము తెనాలి ప్రాంతమునుండి ఉద్యోగముల నిమిత్తము వచ్చి, పదునాలుగేండ్లుగా ఇంగ్లండు మధ్యభాగమున నొక పట్టణములో కాపురము చేయుచున్నాము. నేను కంపెనీల జమాఖర్చులు తనిఖీచేయు పనిలో నున్నాను. నా భార్య ఆసుపత్రిలో వైద్యురాలు. మాకు తొమ్మిదేండ్ల కూతురు గలదు. నాకు చిన్ననాటినుండియు కార్లపై మోజు. ఆ మోజు తీర్చుకొనుటకై, 1972వ సంవత్సరమున తయారయినదియు, రెండాసనములును గుడ్డపైకప్పును గలదియు నగు నొక ఆంగ్లేయపు స్పోర్ట్సు కారును కొంటిని. ఇట్టి కార్లకు పేరుపొందిన ఆబింగ్డను పట్టణపు కర్మాగారము 1980లోనే మూతపడినను, ఆనాటి కార్లను పెంచి పోషించువారు ఈ దేశమున నేటికిని వేలకొలది గలరు. నేనును వారిలో నొకడనైతిని. ఆదివారమునాడు దానిని కడిగి, తుడిచి, ఎండ కాసినచో పైకప్పు దించి నాలుగు మైళ్లు త్రిప్పుకొని వచ్చుట నాకు పండుగ.

ఒక శీతకాలమున నన్ను అఱువది మైళ్ల దూరమున నున్న పట్టణమునకు ప్రతిదినమును పోయి రావలసినదని కార్యాలయమువారు నియమించిరి. దూరము నాది గనుక క్రొత్తకారు నాదియనియు, ఆసుపత్రి యైదుమైళ్లే గనుక పాతకారు నీవు పుచ్చుకొనవచ్చుననియు నేను తీర్పు చెప్పితిని. ఆ తీర్పుపై అప్పీలు లేదు. ఏలయన తీర్పరియు కక్షిదారుడును నేనే.

రెండు వారములు గడవకమునుపే కారు త్రోవలో నాగుట మొదలిడెను. ఆసుపత్రినుండి సాయంకాలము తిరిగి వచ్చుచుండగా, ఇల్లింకను మైలుదూర ముండగా, ఇంజను తడబడి నిలిచిపోవును. పదినిమిషము లూరకుండి తాళపుచెవి త్రిప్పినచో ఏమియు నెఱుగనట్లు మరల కదలును. ఆదివారమున నేను నడిపి చూచితిని. కారు పాలమీద మీగడవలె సాగిపోయెను. మరుసటి ఆదివారమును అంతే. "నేను నడిపిన నాగదు, నీవు నడిపిన నాగుచున్నది. ఇందలి భేద మెక్కడ నున్నదో నీవే యాలోచించుకొనుము" అని నవ్వుచు నంటిని. ఆమె నవ్వలేదు.

ఇచ్చట నొక మాట చెప్పవలెను. నా భార్య తల్లి సైకిలు తొక్కెదనన్ననే పెద్దలు సమ్మతింపని కుటుంబమున పుట్టినది. నా భార్య ఈ దేశమునకు వచ్చిన పిమ్మట, ముప్పదియవయేట కారు నడుప నేర్చుకొని, పరీక్షలో నొకసారి తప్పి, రెండవసారి కృతార్థురాలయ్యెను. ఆనాడు తల్లికి ఫోను చేసి, ఆమె యిటను, తల్లి యటను కన్నీరు పెట్టుకొనిరి. అట్టిదానితో నేనాడిన మాట పరిహాసమే యైనను, పడిన చోటు మెత్తనిది.

ఇంజను దోషమేమోయని కారును మరమ్మతుల దుకాణమునకు తీసికొనిపోయితిని. వారు రెండుదినము లుంచుకొని, పగలు నాలుగుసార్లు నడిపి, దోషమేమియు కానరాలేదని చెప్పి, సొమ్ము పుచ్చుకొనిరి. అటుపిమ్మట నేనే వైద్యము మొదలిడితిని. మొదట కాయిలు మార్చితిని. పిదప పెట్రోలు పంపు. పిదప ఇగ్నిషన్ స్విచ్చి. ఒక్కొక్క వస్తువు మార్చినప్పుడెల్ల రెండుమూడు దినములు కారు ఆగకుండెను, నాలుగవదినమున నాగెను. జ్వరము వచ్చిన బిడ్డకు తాయెత్తుపై తాయెత్తు కట్టు ముసలివారిని చూచి నవ్వెడి నేను, కారునకు ఇత్తడితోను ప్లాస్టిక్కుతోను చేసిన తాయెత్తులు కట్టుచుంటినని ఎఱుగనైతిని.

జనవరి మాసమున నొక సాయంకాలము వర్షము కురియుచుండెను. ఆ మాసమున నిచ్చట సాయంకాలము అయిదుగంటలకే కారుచీకటి. ఆమె కూతును సంగీతపు పాఠమునుండి వెంటబెట్టుకొని వచ్చుచుండగా, ప్రక్కకు తప్పుకొనుటకు చోటులేని రాజమార్గముమీద కారు నిలిచెను. ఈసారి ఇంజనుతోపాటు దీపములుగూడ నాఱిపోయెను. వెనుకనుండి వచ్చుచున్న లారీ వెంట్రుకవాసిలో తప్పించుకొని, బూరయూదుచు పోయెను. ఆమె బిడ్డను దింపి, గట్టుమీద నిలువబెట్టి, నాకు ఫోను చేసెను. నేను మొట్టమొదట నడిగిన ప్రశ్న "దెబ్బలు తగిలెనా?" యనునది కాదు. "మరల నేమి చేసితివి?" యని యడిగితిని.

ఆ రాత్రి ఆమె తాళపుచెవిని, దానితోపాటు చిన్న నోటుపుస్తకమును నా యెదుట బల్లమీద నుంచి, "ఇక నేను కారు నడుపను. మీరు ఆదివారము పగటివెలుగున నడిపి బాగున్నదందురు. నేను నడుపుచున్నది ఆ కారు కాదు" అని మాత్రము చెప్పి లోనికి పోయెను.

ఆ పుస్తకమును తెఱచితిని. రోగి చరిత్రము వ్రాసినట్లు ఆమె కారు ఆగిన ప్రతిసారియు తేదీ, వేళ, వాన, బయలుదేరిన పిమ్మట గడచిన నిమిషములు, అప్పుడు వెలుగుచున్న దీపములు, తిరుగుచున్న వైపర్లు, అన్నియు వ్రాసియుంచెను. మొత్తము పదునొకండు దాఖలాలు. పదునొకండును చీకటిపడిన పిమ్మటివే. తొమ్మిదింట వాన. అన్నిటను హీటరు ఫ్యాను తిరుగుచుండెను. ఇరువదినిమిషములకు ముందు ఆగినది ఒక్కటియు లేదు. మూడుచోట్ల "ఆగుటకు ముందు దీపములు ఎఱ్ఱబారినవి" అని వ్రాసియుండెను. పరుల లెక్కలు తనిఖీచేసి జీతము పుచ్చుకొను నాకు, నా యింట రెండు మాసములుగా వ్రాయబడుచున్న లెక్క కంటబడలేదు. ఆమె రెండుసార్లు చూపబోయినప్పుడు "తరువాత చూతము" అంటిని.

చదువరులారా, విడిచి విడిచి వచ్చు దోషము స్వభావమే యిట్టిది. చలిజ్వరము దినము విడిచి దినము వచ్చును. విడుపుదినమున చూచిన వైద్యుడు రోగి సుఖముగా నున్నాడనును. ఆ జ్వరమునకు కారణమైన క్రిమి దోమలో పెరుగుచున్నదని రోనాల్డ్ రాస్ 1897లో సికిందరాబాదున కనుగొన్నది, చచ్చిన దోమలను దినదినమును సూక్ష్మదర్శినిక్రింద నుంచి ఓపికతో చూచుటవలననేకాని, ఊహవలన గాదు. దోషము కానరాలేదనుట వేఱు, దోషము లేదనుట వేఱు.

పుస్తకమునుబట్టి యాలోచించితిని. దీపములును ఇంజనును కలిసి క్షీణించుచున్నచో, ఆ రెంటికిని త్రోవ లెచ్చట కలియునో అచ్చట వెదకవలెను. ఆకాలపు ఆంగ్లేయపు కార్లలో తీగెలకు రంగుల నియమము గలదు. గోధుమరంగు తీగెలో బ్యాటరీ విద్యుత్తు ఎల్లప్పుడు నుండును. తెల్లనిది తాళపుచెవి త్రిప్పిన పిమ్మట మేలుకొనును. ఆకుపచ్చనిది ఫ్యూజు దాటి వైపర్లకును ఫ్యానునకును పోవును. నల్లనిది భూమితీగె, అనగా కారు దేహమును చేరి బ్యాటరీకి మరలు త్రోవ. నే నెఱిగిన వర్ణధర్మములలో ఎవ్వరికిని హాని చేయనిది యిది యొక్కటియే. పటము చూడగా, స్టార్టరు దగ్గఱనుండి వచ్చు గోధుమరంగు తీగె లోపల నొక యతుకు దాటి, అచ్చట చీలి, ఇగ్నిషన్ స్విచ్చికిని దీపముల స్విచ్చికిని పోవుచున్నది. భారమంతయు ఆ యతుకుమీదనే.

అయితే ఆ యతుకును నేను మునుపే పరీక్షించియుంటిని. ఇంజను నాపి, దీపము లార్పి మల్టీమీటరు పెట్టగా 12 వోల్టులు నిండుగా చూపెను. మీటరు అబద్ధమాడలేదు, నేనడిగిన ప్రశ్నయే తప్పు. జర్మనీదేశమున పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండిన ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము బాలురుగూడ నెఱుగుదురు: అడ్డంకిని ప్రవాహముచే గుణించిన యెంతయో, అంత వోల్టు నష్టమగును. ప్రవాహము సున్న యైనచో నష్టమును సున్నయే. తీగెలోని పోగులన్నియు తెగి యొక్క పోగు మిగిలినను, పనిలేనివేళ మీటరు 12 వోల్టులే చూపును. పని మీదపడినప్పుడే దాని బలహీనత బయటపడును. ఓమ్ చెప్పినదానిని మొదట స్వదేశమున అంతగా మన్నింపలేదు. 1841లో లండను రాయల్ సొసైటీవారు కాప్లీ పతక మిచ్చి గౌరవించిరి. సరియైన మాటయు విననొల్లనివారికి కొంతకాలము వినబడదు.

మరుసటి శనివారము చీకటిపడిన పిమ్మట కారును ఇంటిముందు బయటనే నిలిపి, ఇంజను నడిపించి, భార్యను సాయమడిగితిని. ఆమె వచ్చి నడుపరి యాసనమున గూర్చుండెను. మీటరు కొస లొకటి స్టార్టరు దగ్గఱను, రెండవది అతుకు దాటిన పిమ్మటను తగిలించితిని. ఇట్లు చేసినచో నడుమ నెన్ని వోల్టులు నష్టమగుచున్నవో మీటరే చెప్పును. కూతురు మీటరు పట్టుకొని అంకెలు చదువుచుండెను. ఇంజను మాత్రము నడుచుచుండగా 0.3. ఆమె పెద్దదీపములు వేసెను: 1.5. వైపర్లును ఫ్యానును త్రిప్పెను: 2.6. అటుపిమ్మట నే నూరకుంటిని, వారిద్దఱును ఊరకుండిరి. అంకె మెల్లమెల్లగా పైకి ప్రాకెను. పదునెనిమిదవ నిమిషమున బిడ్డ "నాలుగు, నాన్నా" అని కేకవేసెను, దీపములు ఎఱ్ఱబారెను, ఇంజను తడబడి యాగెను.

చేయి పెట్టగా అతుకు వ్రేలిని కాల్చెను. బ్యాటరీ తీగె విప్పి దానిని బయటికి లాగితిమి. ఇత్తడిరేకు బిగువు తప్పి నల్లబడియుండెను. రాగిపోగులమీద, తొడుగు లోపలికిగూడ పచ్చని చిలుము ప్రాకియుండెను. ఏబదియేండ్ల తేమయు, శీతకాలమున మంచు కరగుటకై రోడ్లపై చల్లు ఉప్పును చేసిన పని యది. చేసినవారి తప్పు కాదు. చిలుమువలన అడ్డంకి, అడ్డంకివలన వేడి, వేడివలన రేకు మఱింత సడలి మఱింత అడ్డంకి. చల్లారిన పిమ్మట రేకులు మరల తాకుకొనును. అందువలననే పదినిమిషములకు కారు బాగుపడెడిది. మెఱయు రాగి కనబడువఱకు తీగెను కోసి, క్రొత్త రేకులు గట్టిగా నొక్కి బిగించి, తేమ చేరకుండ గ్రీజు పూసితిని. పెద్దదీపముల భారము ఆ త్రోవను పోకుండ వేఱుగా నొక రిలే యమర్చితిని. నల్లతీగెలు దేహమును చేరు చోట్లన్నియు విప్పి గీకి బిగించితిని. మరల పరీక్షింపగా సర్వభారముతోను నష్టము 0.2. కాయిలునకును పంపునకును స్విచ్చికిని పోసిన సొమ్ములో ఇరువదియవవంతు కూడ దీనికి పట్టలేదు.

పని ముగిసిన పిమ్మట ఆమెతో "తప్పు నాది" అంటిని. "అతుకుది గదా" అని ఆమె. "అతుకుది కారు ఆగుట. ఫోనులో నేనాడినమాట అతుకుది కాదు" అంటిని. ఆమె కొంతసేపు మాటాడక, తాళపుచెవి పుచ్చుకొనెను.

ఇపుడు ఆలోచించుకొనగా, నేను కారునేకాక యింటినిగూడ ఆదివారమునాడే పరీక్షించుచుంటినని తోచుచున్నది. సెలవుదినమున, వంట ముగిసి, బిడ్డ చదువు ముగిసి, అందఱు తీరికగా గూర్చుండినప్పుడు ఇల్లు చూచి "మా యింట అన్నియు చక్కగా నున్నవి" అని తృప్తిపడుచుంటిని. దీపములు, వైపర్లు, ఫ్యాను అన్నియు నొక్కసారి మీదపడు సాయంకాలపువేళ ఆ యిల్లు నడుపుచున్నది ఆమె. ఆ వేళ నేను త్రోవలో నుంటిని. భారము మోయువారు చెప్పిన మాటను భారము మోయనివారు తమ సుఖానుభవముచే కొట్టివేయుట మన గృహములలో ఎన్నటినుండియో జరుగుచున్నది; చదువుకొన్నంతమాత్రమున అది మానలేదనుటకు నేనే సాక్షిని.

ఆ శీతకాలము ముగియువఱకు కార్లు మార్చుకొంటిమి. అఱువదిమైళ్లును పాతకారు నేనే నడిపితిని. మార్చుకొనుటకు ముందు మాత్రము ఆమె యొక దినము దానిని తానే తీసికొనిపోయెదనని పట్టుబట్టి తీసికొనిపోయెను. ఆనాడు వాన కురిసెను. రాత్రి ఆ నోటుపుస్తకమున పండ్రెండవ దాఖలా చూచితిని: "దీపములు, వైపర్లు, ఫ్యాను. ఇరువదియాఱు నిమిషములు. ఆగలేదు."